తెలుగు డిక్టేషన్ ఆన్‌లైన్‌లో పెట్టడం ఎలా?

తెలుగు డిక్టేషన్‌ను ఫోన్‌లో పెట్టాలనుకునే టీచర్లకు, ట్యూషన్ చెప్పేవాళ్లకు, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి రాయించే అమ్మానాన్నలకు ముందుగా ఒక మాట. టైప్ చేయించి పెట్టే స్పెల్లింగ్ పరీక్షలో మార్కులు కీబోర్డుకే వస్తాయి. పాప ‘పద్దతి’ అని కొట్టబోతుంటేనే పైన వరసలో ‘పద్ధతి’ వచ్చి కూర్చుంటుంది. వేలు దాని మీద పడుతుంది. ఇరవైకి ఇరవై. మర్నాడు నోట్‌బుక్ తెరిస్తే మళ్లీ ‘పద్దతి’.

అందుకని పనిని రెండుగా విడగొట్టుకోండి. పదాలు వినిపించడం, రోజువారీ సాధన, ఎవరు ఎక్కడ తప్పుతున్నారో లెక్క చూసుకోవడం ఫోన్‌కు అప్పజెప్పండి. పరీక్ష మాత్రం కాగితం మీద పెన్నుతో రాయించి ఫొటో తెప్పించుకోండి. కింద చెప్పేదంతా ఈ ఏర్పాటు ప్రకారమే. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పనికొస్తుంది. కొత్తగా కొనాల్సిందేమీ లేదు. వాట్సాప్, గూగుల్ ఫారమ్స్ ఉంటే చాలు.

మొదట పదాలు ఏరుకోండి

మీ శ్రమలో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టండి. పాఠం చివర ఇచ్చిన కొత్త పదాలను అలాగే ఎత్తి డిక్టేషన్‌కు ఇస్తే సగం పదాల్లో తప్పు పోవడానికి అసలు చోటే ఉండదు. తెలుగులో చాలా మాటలు విన్నది విన్నట్టే రాస్తాం. ‘కాకి’, ‘మామిడి’, ‘పడవ’ లాంటివి గుణింతం వచ్చిన పిల్లలెవరైనా రాసేస్తారు. చెవికి ఒకేలా తగిలి, కాగితం మీద వేరుగా ఉండే చోటే చెయ్యి తడబడుతుంది. అలాంటి చోట్లు మరీ ఎక్కువ లేవు. వారానికి ఒక్కటి పట్టుకుని, దానికి సంబంధించిన మాటలే ఇవ్వండి.

ద కింద ధ ఒత్తుతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఫలితం త్వరగా కనిపిస్తుంది. పద్ధతి, బుద్ధి, శ్రద్ధ, యుద్ధం, సిద్ధం, వృద్ధి, ప్రసిద్ధి ఒక వైపు. పెద్ద, ఎద్దు, ముద్ద, అద్దం, వద్దు మరో వైపు. అచ్చ తెలుగు మాటల్లో ద కింద ద, సంస్కృతం నుంచి వచ్చినవాటిలో చాలావరకు ద కింద ధ అని పిల్లలకు చెప్పండి. రెండు మూడు రోజులు ఈ సూత్రంతో హాయిగా నడిచాక ‘ఉద్దేశం’ అనే పదం ఇవ్వండి. సంస్కృత పదమే, కానీ ద కింద ద. తరగతిలో చాలామంది తప్పు రాస్తారు, ఆ తర్వాత మరిచిపోరు.

థ, ధల గొడవ ఇంతకంటే మొండిది. మన మామూలు మాటల్లో ఈ రెంటికీ తేడా దాదాపు వినపడదు. అందుకే కధ, అతిధి, గ్రంధం అని పెద్దవాళ్లు రాసిన బోర్డులు కూడా కనిపిస్తుంటాయి. వినిపించి నేర్పడం ఇక్కడ కుదరదు, చూపించి నేర్పాల్సిందే. విడివిడి పదాలుగా కాకుండా కుటుంబాలుగా ఇవ్వండి. ‘అర్థం’ అనే ఒక్క మాట పట్టుకుంటే విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, పదార్థం, స్వార్థం, యథార్థం అన్నీ దాని వెంటే వస్తాయి. వాటిలో ‘ర్థ’ రాయడం అలవాటయ్యాక సగం అనే అర్థమున్న ‘అర్ధ’ను పక్కన పెట్టండి: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధ సంవత్సర పరీక్షలు. ఆ చివరి మాట మీ స్కూలు టైంటేబుల్‌లో ఎలా ప్రింటయిందో పిల్లలనే చూసి రమ్మనండి, సరదాగా ఉంటుంది. ఈ కుటుంబానికి రెండు వారాలు ఇచ్చినా ఎక్కువ కాదు.

శ, ష, స విషయంలో ఒక మంచి ఆధారం ఉంది. సంస్కృత పదాల్లో ఈ అక్షరాల కింద వచ్చే ఒత్తును బట్టి పై అక్షరం తెలిసిపోతుంది. ట వర్గం ఒత్తు ఉంటే ష: కష్టం, దృష్టి, నిష్ఠ, కృష్ణుడు, ఉష్ణం. చ వర్గం ఒత్తు ఉంటే శ: ఆశ్చర్యం, నిశ్చయం, పశ్చిమం. త వర్గం అయితే చాలావరకు స: పుస్తకం, వస్తువు, స్థలం (‘ప్రశ్న’ లాంటివి మినహాయింపు). ఆరో తరగతి పిల్లలకు ఇది చెబితే ఏదో రహస్యం దొరికినట్టు సంతోషిస్తారు. వెంటనే ఎవరో ఒకరు ‘మరి పోస్టు, స్టేషన్?’ అని అడుగుతారు. అవి ఇంగ్లీషు నుంచి వచ్చినవి, వాటికి ఈ సూత్రం వర్తించదు. ఒత్తు లేని చోట, అంటే ఆకాశం, సంతోషం, విశేషం లాంటి మాటల్లో సూత్రమేదీ లేదు. చూసి, రాసి నేర్చుకోవడమే.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. వట్రసుడికీ, ర ఒత్తుకు కొమ్ము ఇవ్వడానికీ మధ్య గందరగోళం: కృషి, గృహం, వృక్షం, నృత్యం ఒక రకం, ధ్రువం, శ్రుతి, శత్రువు మరో రకం. ‘ధృవపత్రం’ అని ఆఫీసు కాగితాల మీద కూడా కనిపిస్తుంది గానీ, సరైనది ధ్రువపత్రం. హకు ఒత్తు వచ్చే మాటలు ఇంకో గుంపు: మధ్యాహ్నం, చిహ్నం, బ్రహ్మ, ఆహ్వానం, ప్రహ్లాదుడు. నోటితో పలికే క్రమం వేరు, రాసే క్రమం వేరు కాబట్టి ‘చిన్హం’, ‘బ్రమ్హ’ అని రాసేస్తారు. నాకు సొంతంగా ఇష్టమైన డిక్టేషన్ పదం ‘మధ్యాహ్నం’: మహాప్రాణం (థ, ధ లాంటి ఒత్తి పలికే అక్షరం), యకారం, దీర్ఘం, హకారం అన్నీ ఒకే మాటలో పరీక్షకు వస్తాయి. జ్ఞ ఉన్నవి వేరే వారం: జ్ఞానం, ఆజ్ఞ, ప్రతిజ్ఞ, కృతజ్ఞత. చిన్న తరగతులకు ఇవేవీ వద్దు. వాళ్లకు ఏకవచనం చెప్పి బహువచనం రాయించండి. ఇల్లు అంటే ఇళ్లు, కాలు అంటే కాళ్లు, ఊరు అంటే ఊళ్లు, పండు అంటే పళ్లు. ళ ఎక్కడ వస్తుందో దానంతట అదే చేతికి వస్తుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో వారాంతపు తెలుగు బడికి వెళ్లే పిల్లలకు చెబుతున్నట్టయితే ఈ వరస మార్చుకోండి. వాళ్లలో చాలామందికి తకూ టకూ, దకూ డకూ మధ్యే తేడా పట్టుబడదు. థ, ధల దాకా వెళ్లకముందే తాత, టపా, పాట, పాత లాంటి జంటలతో కొన్ని వారాలు గడపాలి.

వారానికి ఎన్ని పదాలు? పెద్ద తరగతులకు పన్నెండు చాలు: ఎనిమిది ఈ వారం గుంపులోవి, నాలుగు వెనకటి వారాల్లో ఎక్కువమంది తప్పు రాసినవి. చిన్నవాళ్లకు ఆరేడు. ఇరవై ఐదు పదాలిచ్చి భయపెట్టే పద్ధతి కంఠస్థానికే గానీ రాతకు పనికిరాదు.

జాబితా ఖాయం చేసే ముందు రెండు రూపాలున్న మాటలను వేరే రాసి పెట్టుకోండి. వాళ్లు, వాళ్ళు. పెళ్లి, పెళ్ళి. ఐదు, అయిదు. రాయడం, వ్రాయడం. చేయి, చెయ్యి. ఇవి తప్పొప్పులు కావు, రెండూ వాడుకలో ఉన్నవే. పేపర్లలో ఎక్కువగా ‘ళ్ల’ కనిపిస్తుంది, పాత పుస్తకాల్లో ‘ళ్ళ’. ‘మన పాఠ్యపుస్తకంలో ఎలా ఉంటే అలా రాద్దాం, రెండోది రాసినా మార్కు కోయను’ అని మొదటి రోజే చెప్పేయండి. లేకపోతే మూడో వారానికల్లా ఒక నాన్నగారు నిఘంటువు ఫొటో తీసి గ్రూపులో పెడతారు.

మీ గొంతుతోనే రికార్డు చేయండి

ఫోన్‌లోని యంత్రం గొంతుతో చదివించవచ్చు గానీ, పిల్లలు రోజూ వినే టీచర్ గొంతుకు అది సాటిరాదు. వాక్యంలో ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. మీరే చదవండి. ఫ్యాను ఆపేసి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే చాలు, మైకులు అక్కర్లేదు.

ప్రతి పదాన్నీ మూడుసార్లు వినిపించండి: ముందు పదం, తర్వాత ఆ పదమున్న చిన్న వాక్యం, మళ్లీ పదం. ‘అర్ధరాత్రి. అర్ధరాత్రి వాన మొదలైంది. అర్ధరాత్రి.’ వాక్యం లేకపోతే కల, కళ లాంటి మాటలకు పిల్లలు ఏది రాసినా తప్పనడానికి మీకు హక్కుండదు. వాక్యంలోని మిగతా మాటలు తేలికగా ఉండాలి. పన్నెండు పదాలకూ పన్నెండు కొత్త విషయాలు తెచ్చిపెడితే పిల్లల ధ్యాస కథ మీదికి పోతుంది.

పలకడంలో ఒక జాగ్రత్త. శ, ష, సలను వేరుగా పలకండి, ణ, ళలను ణ, ళలుగానే పలకండి. అంతే గానీ ‘పద్... ధతి’ అని ఒత్తి, సాగదీసి జవాబు చెప్పేయకండి. అలా వింటే ఆ రోజుకు సరిగ్గా రాస్తారు, కానీ లోకంలో ఎవరూ అలా మాట్లాడరు.

సాధనకు పదానికో వాయిస్ మెసేజ్ పంపండి, పిల్లలు కావలసినదాన్ని కావలసినన్నిసార్లు నొక్కి వింటారు. వాట్సాప్‌లో వరసగా ఉన్న వాయిస్ మెసేజ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే మోగుతాయని గుర్తుంచుకోండి. రాసేలోపు తర్వాతి పదం మొదలైపోతుంది. అందుకే పరీక్షకు ఈ పద్ధతి వద్దు. పరీక్ష రికార్డింగ్ మొత్తం ఒకే ఆడియోగా, పదానికీ పదానికీ మధ్య పదిహేను సెకన్ల నిశ్శబ్దంతో చేయండి. చిన్న తరగతులకు ఇరవై సెకన్లు. గడియారం చూస్తూ ఊరకే కూర్చోవడం మీకు విసుగ్గా ఉంటుంది గానీ, అవతల రాసేవాళ్లకు ఆ వ్యవధి కావాలి.

సోమవారం నుంచి గురువారం దాకా సాధన

సోమవారం పదాలను చూపించండి. మీ చేతిరాతతో పెద్దగా రాసిన కాగితం ఫొటో పంపితే మంచిది. ఫోన్ అక్షరాల్లో ద, ధ, థల మధ్య చుక్కలూ చీలికలూ చిన్నగా ఉండి పిల్లలకు కనపడవు. తప్పు పోయే అక్షరాన్ని మాత్రం ఎర్ర ఇంకుతో రాయండి. పిల్లలు చేయాల్సిన పని నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు: చూడు, మూసెయ్యి, రాయి, సరిచూసుకో. ఒక్కో పదానికి రెండుసార్లు. ‘ఒక్కో పదం యాభైసార్లు రాసుకురా’ అనే పాత శిక్షను ఆన్‌లైన్‌లోకి తేకండి. అయిదోసారి నుంచి చెయ్యి రాస్తుంటుంది, కళ్లు టీవీ మీద ఉంటాయి.

మంగళ, బుధ, గురువారాలకు గూగుల్ ఫారమ్ చేయండి. ఫారమ్ తెరిచి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని క్విజ్‌గా మార్చండి. మార్కులు వెంటనే కనిపించేలా పెట్టండి, ఇది సాధన కాబట్టి దాచాల్సిందేమీ లేదు. ప్రశ్నలు తయారుచేసేటప్పుడు చాలామంది నాలుగు ఆప్షన్లు ఇస్తారు: పద్దతి, పద్ధతి, పధ్ధతి, పధ్దతి. నా సలహా, అలా చేయకండి. ఒక సరైన రూపంతో పాటు మూడు తప్పు రూపాలు పిల్లల కళ్లలో పడతాయి, నాలుగు రోజులు పోయాక వాటిలో ఏది చూసిందో ఏది సరైనదో కలిసిపోతుంది. దాని బదులు పదంలో ఒక్క అక్షరం ఖాళీ వదిలి, అక్కడ ఏం రావాలో అడగండి: ‘ప__తి’ కింద ‘ద్ద’, ‘ద్ధ’. ‘అతి__’ కింద ‘థి’, ‘ధి’. తప్పు పదం పూర్తి రూపంలో ఎక్కడా కనపడదు. ఏ అక్షరం దగ్గర ఆగాలో కూడా పిల్లలకు తెలుస్తుంది.

ప్రతి ప్రశ్నకూ జవాబు కింద ఫీడ్‌బ్యాక్ రాసే వీలుంటుంది. తప్పు జవాబుకు ‘తప్పు’ అని ఊరుకోకుండా ‘పద్ధతి. బుద్ధి, శ్రద్ధ గుర్తున్నాయా?’ అని ఆ కుటుంబాన్ని గుర్తుచేయండి. ప్రశ్నకో వాక్యం రాయడానికి పావుగంట పడుతుంది, కానీ ఏడాదంతా, వచ్చే ఏడాది కూడా అదే ఫారమ్ పనికొస్తుంది. పాత ఫారమ్‌ను కాపీ తీసుకుని పదాలు మార్చుకుంటే పని ఇంకా తగ్గుతుంది.

ఫారమ్‌లో ఆడియో నేరుగా పెట్టే వీలు లేదు. వినిపించి అడగాలనుకుంటే మీ రికార్డింగ్‌కు ఒక ఖాళీ బొమ్మ జోడించి వీడియోగా చేసి, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టి, ఫారమ్‌లో చేర్చవచ్చు. ఇంత తంటా ఎందుకనుకుంటే ఆడియో వాట్సాప్‌లో పంపి, ఫారమ్‌లో ఒకటి, రెండు అని నంబర్లు ఇవ్వండి. అలాంటప్పుడు ప్రశ్నల వరస మారిపోయే షఫుల్ ఆప్షన్ ఆపేయడం మరవకండి. ఆన్ అయి ఉంటే మూడో పదం విని ఏడో గడిలో నొక్కుతారు.

అక్షరాలు కలిపే ఆటలు, ఉరి ఆట లాంటివి నెట్‌లో బోలెడు దొరుకుతాయి. ఇంగ్లీషు కోసం చేసినవాటిలో తెలుగు పదం పెడితే కొన్ని ‘క్షే’ను క, పొల్లు, ష, ఏత్వం అని ముక్కలు ముక్కలుగా విడదీసి గుమ్మరిస్తాయి. పిల్లలకు పంపే ముందు ‘కృతజ్ఞత’ అనే పదంతో మీరే ఒకసారి ఆడి చూడండి. అది నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి. ఇక కహూట్ లాంటి పోటీ ఆటల్లో త్వరగా నొక్కినవాళ్లకు ఎక్కువ పాయింట్లు. నెలకొకసారి సరదాకి సరే, కానీ స్పెల్లింగ్‌కు కావలసింది ఒక క్షణం ఆగి ఆలోచించే అలవాటు.

టైప్ చేయించక తప్పకపోతే

పెద్ద పిల్లలకు తెలుగు టైపింగ్ కూడా రావాలి, కాబట్టి అప్పుడప్పుడూ టైప్ చేయించే సాధన పెట్టొచ్చు. గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో తెలుగుకు రెండు దారులున్నాయి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాట వచ్చేది ఒకటి, తెలుగు అక్షరాలతోనే కొట్టేది ఇంకొకటి. మొదటిది స్పెల్లింగ్ సాధనకు అసలు పనికిరాదు, ఎందుకంటే అందులో మాటను ఎంచి ఇచ్చేదే కీబోర్డు. రెండోది పెట్టించి, సెట్టింగ్స్‌లో టెక్స్ట్ కరెక్షన్ కిందికి వెళ్లి సూచనల వరసనూ, ఆటో కరెక్షన్‌నూ ఆపించండి. కంప్యూటర్ ఉన్నవాళ్లయితే విండోస్‌లోనే ఉన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మంచిది. ఒత్తు కావాలంటే ముందు పొల్లు, తర్వాత అక్షరం కొట్టాలి కాబట్టి సంయుక్తాక్షరం ఎలా తయారవుతుందో చేతికే తెలిసిపోతుంది. ఇంకో చిక్కు: కీబోర్డు నేర్చుకుంటుంది. ఇంట్లో ఎవరో ‘అర్ధమైంది’ అని రోజూ మెసేజ్‌లు కొడుతుంటే ఆ ఫోన్ పిల్లలకు కూడా అదే చూపిస్తుంది.

ఫారమ్‌లో షార్ట్ ఆన్సర్ ప్రశ్న పెట్టి ఆన్సర్ కీ ఇస్తే, అక్షరం అక్షరం పోల్చి మార్కు వేస్తుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు మాటలు దానికి వేరు కావచ్చు. ‘స్వాతంత్ర్యం’ చూడండి. ర ఒత్తు ముందు కొట్టినవాళ్లకూ, య ఒత్తు ముందు కొట్టినవాళ్లకూ తెర మీద దాదాపు ఒకే రూపం కనిపించవచ్చు, లోపల అక్షరాల వరస మాత్రం వేరు. పేపర్లలోనూ ‘స్వాతంత్య్రం’ అనే కూర్పు చూస్తుంటాం. ఆన్సర్ కీలో ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఇవ్వొచ్చు, కాబట్టి రెండూ చేర్చండి. వాళ్లు, వాళ్ళు లాంటి జంటలకూ అంతే. అక్షరం పక్కన పెట్టే సున్న (ం) బదులు తెలుగు అంకెల్లోని సున్న (౦) కొట్టేసే పిల్లలుంటారు, చూడ్డానికి తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి ఇంగ్లీషు మాటల మధ్యలో కంటికి కనపడని విడదీసే అక్షరం ఒకటి ఉంటుంది, కొందరు కొడతారు, కొందరు కొట్టరు. అలాంటి మాటలను టైపింగ్ పరీక్షలో పెట్టకపోవడమే సుఖం.

మార్కులు ప్రకటించే ముందు జవాబుల షీట్ తెరిచి, సున్నా వచ్చిన జవాబులను కళ్లతో ఒకసారి చూసుకోండి. ఫారమ్ సెట్టింగ్స్‌లో మార్కులను వెంటనే కాకుండా మీరు చూశాక విడుదల చేసే ఆప్షన్ ఉంది, టైపింగ్ పరీక్షకు అదే పెట్టండి.

శుక్రవారం పరీక్ష

ఆ రోజు ఫోన్ పని వినిపించడం, ఫొటో తీయడం. తల్లిదండ్రులు పని నుంచి వచ్చాకే ఇంట్లో ఫోన్ దొరికే పిల్లలు చాలామంది. ‘సాయంత్రం 4 గంటలకు అందరూ రావాలి’ అంటే వాళ్లు ప్రతి వారం తప్పిపోతారు. శుక్రవారం సాయంత్రం 6 నుంచి శనివారం ఉదయం 9 లోపు ఎప్పుడైనా రాయొచ్చని చెప్పండి. వాట్సాప్ అకౌంట్లు కూడా అమ్మానాన్నలవే ఉండాలి. 13 ఏళ్లు నిండని పిల్లలకు సొంతంగా వాట్సాప్ వాడే అనుమతి లేదు.

ఆడియోలో మొదటగా సూచనలు చెప్పండి. తెల్లకాగితం, పైన పేరు, తేదీ, ఎడమ పక్కన ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. తర్వాత పదాలు. చివర అన్ని పదాలనూ ఆపకుండా ఒకసారి చదివేయండి, వదిలేసినవి నింపుకుంటారు. ఆడియో అయిపోయాక రెండు నిమిషాలు తమ రాతను తామే చదువుకోమనండి. చాలా పొల్లులూ దీర్ఘాలూ ఆ రెండు నిమిషాల్లోనే సర్దుకుంటాయి. మధ్యలో ఆడియో ఆపి వెనక్కి వెళ్లినా ఫరవాలేదు. మనం చూస్తున్నది రాత, వేగం లెక్కలోకి రాదు.

ఫొటో సంగతి చెప్పకపోతే మీ కళ్లు పోతాయి. కాగితాన్ని బల్ల మీద పరిచి, నిటారుగా పై నుంచి, ఫోన్ నీడ పడకుండా తీయమనండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ డ్రైవ్ యాప్ ఉంటే దానిలోని స్కాన్ ఇంకా శుభ్రంగా వస్తుంది. ధ, థల మధ్య చుక్క కనపడని ఫొటోకు మార్కులు వేయలేరు.

ఫొటోలు గ్రూపులో పెట్టనివ్వకండి. ఒకరి తప్పులు అందరికీ కనిపిస్తాయి, పైగా ముందు పంపినవారి కాగితం చూసి తర్వాతవాళ్లు రాసేస్తారు. మీ నంబరుకు విడిగా పంపమనండి. ఎక్కువమంది ఉంటే ఫారమ్‌లో ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టండి, ఫొటోలు మీ డ్రైవ్‌లో చేరతాయి. అయితే పంపేవాళ్లు గూగుల్ అకౌంట్‌లో సైన్ ఇన్ అయి ఉండాలి. కొన్ని ఇళ్లలో ఆ పాస్‌వర్డ్ ఫోన్ కొనిచ్చిన మేనమామకే తెలుస్తుంది! అలాంటి వాళ్లకు వాట్సాప్ దారి కూడా తెరిచి ఉంచండి.

పక్కన ఎవరైనా చెబితే? చెబుతారు, పూర్తిగా ఆపలేం. వీడియో కాల్ పెట్టి కెమెరాను చేతుల మీద ఉంచమన్నా, కెమెరా వెనకాల అమ్మ పెదవులు కదుపుతుంటే మనకు కనపడదు. ఈ మార్కులను ప్రోగ్రెస్ కార్డులోకి ఎక్కించనని ముందే చెప్పేస్తే ఆ టెన్షన్ సగానికి సగం పోతుంది. ‘తప్పులు కనపడితేనే వచ్చే వారం పదాలు ఎంచగలను’ అని తల్లిదండ్రులకు ఒక మెసేజ్ పెట్టండి, వింటారు. అనుమానం తీరకపోతే సోమవారం క్లాసులో అందులోంచి మూడు పదాలు నల్లబల్ల మీద రాయించండి.

దిద్దడం, మళ్లీ అడగడం

ఎర్ర గీత కొట్టి పన్నెండుకు ఏడు అని వేయడంతో పని పూర్తి కాదు. తప్పు ఎక్కడ పోయిందో ఒక గుర్తు వేయండి. మ అంటే మహాప్రాణం, ఒ అంటే ఒత్తు, దీ అంటే దీర్ఘం, శ అంటే శ, ష, సల తికమక, సు అంటే వట్రసుడి. ఒకే పదంలో రెండు గుర్తులు పడొచ్చు. ‘విధ్యార్ధి’కి రెండు మలు: ఒకటి అక్కర్లేని చోట మహాప్రాణం పెట్టినందుకు, ఇంకొకటి థ రాయాల్సిన చోట ధ రాసినందుకు. ఫోన్‌లో ఫొటో మీదే వేలితో గీసి వెనక్కి పంపొచ్చు, అందులో సరైన పదం మీరు రాయకండి. తప్పున్న అక్షరం చుట్టూ సున్న చుట్టి వదిలేస్తే పిల్లలే పుస్తకం తీసి సరిచేసి మళ్లీ ఫొటో పంపుతారు.

ఒక షీట్‌లో అడ్డంగా గుర్తులు, నిలువుగా పేర్లు పెట్టుకుని లెక్క వేయండి. నాలుగు వారాలకు బొమ్మ తేలుతుంది. ఒక పాపకు అన్నీ మలే, అంటే చదివిన పుస్తకాలు తక్కువ, మాటలను కళ్లతో చూసింది తక్కువ. వాచకం బయట కథల పుస్తకాలు చేతికివ్వాలి. ఒక బాబుకు అన్నీ దీలే, అంటే విన్నది సరిగ్గానే విన్నాడు, గుణింతం కుదురుకోలేదు. రెండు తరగతులు వెనక్కి వెళ్లి గుణింతం దిద్దించాలి. ఇద్దరికీ ఏడు మార్కులే వచ్చి ఉండొచ్చు. అక్షరాలు తిరగేసి రాయడం, అక్షరాలు ఎగిరిపోవడం, పక్కనున్నది చూసి రాసినా తప్పడం వారం వారం కనిపిస్తుంటే మాత్రం ఇంకో డిక్టేషన్ పెట్టకండి. ఆ పిల్లవాడి విషయం తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి, నేర్చుకోవడంలో ఇబ్బందులను చూసే నిపుణులకు చూపించమనండి.

తప్పు రాసిన పదాన్ని ఆ రోజే పదిసార్లు రాయించడం కంటే మర్నాడు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, రెండు వారాలకు ఒకసారి అడగడం మేలు. దీనికి యాప్ ఏదీ అక్కర్లేదు. ఆ పదమున్న మీ పాత వాయిస్ మెసేజ్‌నే మళ్లీ ఫార్వర్డ్ చేస్తే చాలు, పిల్లలు ఒక్క పదం రాసి ఫొటో పెడతారు. వారం పరీక్షలో పాత పదాలకు వదిలిన నాలుగు గడులు ఇందుకే. ఆ నాలుగూ అందరికీ ఒకటే కానక్కర్లేదు. రెండు ఆడియోలు చేసి, ఒకటి మహాప్రాణాల దగ్గర తడబడేవాళ్లకు, ఇంకొకటి మిగతావాళ్లకు పంపొచ్చు.

ఇక ప్రతి వారం పన్నెండుకు పన్నెండు తెచ్చేవాళ్లు తరగతికి ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్లకు డిక్టేషన్ తగ్గించి, వచ్చే వారం ఆడియోకు వాక్యాలు రాసే పని ఇవ్వండి. పదాలు మీరు ఇస్తారు, వాక్యం వాళ్లది. పెద్ద తరగతులైతే రికార్డింగ్ కూడా వాళ్లనే చేయమనండి, ఒక్క షరతు మీద: శ, ష, స మూడూ మూడు రకాలుగా వినపడాలి.